తట్టేటప్పుడు మాట్లాడాలి

1వ రోజు

శిక్షణలో ఉన్నవాళ్లు రోజూ పుస్తకం రాయాలని కంపెనీ నియమం. ఆ పుస్తకంలో మూడు ముక్కలు రాశాను: వచ్చాను, విన్నాను, సంతకం పెట్టాను. దాన్ని గిడ్డయ్య సార్ చూస్తారు. ఇది వేరు, నా సొంత పుస్తకం. నోరు ఊరుకోని మనిషికి ఒక పుస్తకం ఏం సరిపోతుంది.

నా పేరు దస్తగిరమ్మ. నలభై ఒకటి నిండాయి. లోగనిపేటలో మూడో అంతస్తు, పడమటి వరస. వెనకటివాళ్లు నాపరాయి తవ్వి వదిలేసిన గోతుల్లోనే మేం పుట్టాం, ఇక్కడే పెరిగాం. పైన ఎండ మనుషులకు పడేది కాదు. తెల్లవారుజామున రెండు గంటల పాటు ఊరి మూత తీస్తారు, నీళ్లకూ కూరగాయలకూ పోయి వస్తాం, మళ్లీ మూస్తారు.

తొమ్మిదేళ్లు మట్టికాయలు కాల్చే బట్టీలో పనిచేశాను. బట్టీ ఊరి గాలంతా తినేస్తోందని పోయిన నెల మూసేశారు. ఇక కాయలు వేరే గని నుంచి వస్తాయట. ఇంట్లో కూర్చుని ఏం చేయను? ఊళ్లోకి గాలి తోలే పంకాల ఇంటి గోడ మీద కాగితం అంటించి ఉంది: జీవిత, ఆరోగ్య బీమా ఏజెంట్లు కావలెను, అరవై రోజుల శిక్షణ, రాతపరీక్ష, పది సాక్షి అమ్మకాలు, ఆపైన లైసెన్సు. పేరు ఇచ్చేశాను.

మా ఆయన ఖాసింవలి పంకాల దగ్గర పనిచేస్తాడు. విని నవ్వాడు.

"పక్కింటోళ్లు ఏం కూర వండినారో మూత తీసి చూసే మనిషివి. నీకు ఈ ఉద్యోగం ఎట్ల ఇస్తారే?"

"నాలుగిండ్లు తిరిగి మాట్లాడే పనే కదా. నాకంటే ఎవురు మాట్లాడతారు?"

"మాట్లాడే పని కాదే అది. తెలుసుకోకుండా ఉండే పని."

ఆ మాట విన్నప్పటి నుంచి తెలుసుకోకుండా ఉండడం ఎలాగో తెలుసుకోవాలని ఒకటే దురద.

3వ రోజు

క్లాసులో ఏడుగురం. గిడ్డయ్య సార్‌కి అరవై దాటుంటాయి, ఏజెంటుగా ముప్పై ఏళ్లు. బక్కమనిషి, గొంతు మాత్రం పంకా కంటే పెద్దది. బల్ల మీద ఒక కాయ పెట్టి మొదలుపెట్టారు.

కాయ సంగతి ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు, అయినా నోట్సు కాబట్టి రాస్తున్నాను. మూడేళ్లకోసారి చూపుల గదిలో ప్రతి మనిషికీ రక్తం తీస్తారు. ఆ ఒంట్లో ఏ జబ్బు తయారవుతోందో, ఎప్పటికి బయటపడుతుందో అక్కడి మిషను చీటీ మీద అచ్చు వేస్తుంది. చీటీని మిషనే చుట్టి, కొబ్బరికాయంత మట్టికాయలో పెట్టి, రెండు చిప్పలూ లక్కతో అతికి మూసేస్తుంది. మనిషి కన్ను దాని మీద పడదు. కాయను ఇంటికి తెచ్చుకుని పొయ్యి పైన ఉట్టిలో వేలాడదీసుకుంటాం. పగలగొట్టి చదువుకోవచ్చు, వద్దనేవాళ్లెవరూ లేరు. కానీ పగిలిన కాయ ఉన్న ఇంటిమనిషికి బతికినంతకాలం ఏ కంపెనీ బీమా ఇవ్వదు. బీమా లేకపోతే పైన పట్నం ఆసుపత్రి గడప తొక్కలేం. అందుకే ఎవరూ పగలగొట్టరు.

"కాలిపోతాండే ఇంటికి ఎవురన్నా బీమా ఇస్తారా?" అన్నారు సార్. "మనం అమ్మేది జబ్బుకు కాదు. తెలియకపోవడానికి. కొనేటోనికీ తెలియకూడదు, అమ్మేటోనికీ తెలియకూడదు."

ఏజెంటు ఇంటికి పోయి ఉట్టిలోంచి కాయ దించి, లక్క అతుకు మీద బొటనవేలు తిప్పి చూడాలి. తర్వాత వేలి కణుపుతో మూడుసార్లు తట్టాలి. పగిలిన కాయ జీరగా పలుకుతుంది. మంచిదైతే ఫారం నింపి అడుగున సంతకం పెట్టాలి. సంతకం పైన ఒకటే వాక్యం: ఈ మనిషి ఒంట్లో ఏముందో నాకు తెలియదు.

"అబద్ధం రాస్తే?" అని అడిగాను. అడగకుండా ఉంటానా.

ఏడాదిలోపు ఆ ఇంటినుంచి క్లెయిము వస్తే ఏజెంటును నిజం కుర్చీలో కూర్చోబెడతారట. తెలుసా, తెలియదా అని ఒకటే ప్రశ్న. మనం నోటితో ఏం చెప్పినా కుర్చీ ఒంటినే చదువుతుంది. తెలిసి రాశామని తేలితే ఆ పాలసీ చెల్లదు.

"అంటే శిక్ష వాళ్లకా సార్, మనకు కాదా?"

"ఇద్దరికీ," అన్నారు సార్. "మనకు ఉద్యోగం పోతాది. వాళ్లకు దిక్కు పోతాది. ఏది పెద్దదో నువ్వే చూసుకో."

8వ రోజు

ఈరోజు సార్ వెంట ఆరు ఇళ్లు తిరిగాం. ఒక వింత గమనించాను. కాయ చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి సార్ గొంతు పెరుగుతుంది. "ఏమమ్మా, మీ వరసలో గాలి బాగా వస్తాందా? నిన్న సంగటి చేసినావా? ఊరిబిండి ఎవురు నూరినారు?" అని అరుస్తూనే తడతారు. కాయ ఉట్టిలోకి పోగానే గొంతు మళ్లీ దిగిపోతుంది.

ఒక ఇంట్లో చెవిటి అవ్వ ఉంది కాబట్టి అనుకున్నాను. తర్వాతి ఇంట్లో ఎవరికీ చెవుడు లేదు. అయినా అదే అరుపు.

తూర్పు వరస చూసే రంగమ్మ మేడం మధ్యాహ్నం కనబడింది. ఆమె కాయ తట్టేటప్పుడు లాలిపాట పాడుతుంది. ఆ ఇంట్లో చంటిపిల్లలెవరూ లేరు.

"తట్టేటప్పుడు ఎందుకు సార్ అంత గట్టిగా మాట్లాడతారు?"

"అది పద్ధతి."

"పద్ధతి అంటే?"

"పద్ధతి అంటే పద్ధతేనమ్మా. తట్టేటప్పుడు మాట్లాడాల."

నాకు ఒళ్లు మండింది. ఎందుకో చెప్పని పద్ధతి నా గొంతు దిగదు.

15వ రోజు

రాతపరీక్ష పాసయ్యాను. వందకు ఎనభై రెండు. యాభై ప్రశ్నల్లో పంతొమ్మిదింటికి సరైన జవాబు 'తెలియదు'. నా జన్మలో తెలియదని రాస్తే మార్కులు పడిన పరీక్ష ఇదొక్కటే. ఖాసింవలి బెల్లం పెట్టి బొరుగుల ఉండలు చేశాడు. సగం తానే తిన్నాడు.

19వ రోజు

సాక్షి అమ్మకాలు మొదలయ్యాయి. నేను అమ్మాలి, సార్ పక్కన పీట మీద కూర్చుని చూడాలి. ఈరోజు మూడు ఇళ్లు. ముగ్గురూ తీసుకున్నారు. చెప్పుకోకూడదు గానీ నా మాటకు ఎదురులేదు.

తట్టేటప్పుడు మాత్రం మాట్లాడలేదు. నా చేయి అలా అలవాటు పడలేదు. బట్టీలో తొమ్మిదేళ్లు రోజుకు రెండు వందల చిప్పలు తట్టి ఏరిన చేయి ఇది. తట్టామంటే వినాలి. ఊపిరి కూడా బిగబట్టి వినాలి. అందరూ నోరు మూసుకోండని ఇంటివాళ్లకు సైగ కూడా చేశాను. సార్ మాత్రం పీట మీద కూనిరాగం ఆపలేదు.

మొదటి రెండు కాయలూ కంగుమన్నాయి. మూడోది పగుల్లేదు, అతుకూ బాగుంది, అయినా టుక్కుమంది. లోపల గుడ్డ కుక్కిన కుండలా పలికింది. ఎందుకలా? మన్ను అదే. మందం అదే. ఆ చిప్పలు చేసింది నేనే, అంచు మీద నా గోరు గుర్తు కూడా ఉంది.

బయటికి రాగానే సార్ మొహం ముడుచుకున్నారు.

"తట్టేటప్పుడు మాట్లాడమన్నానా లేదా?"

"వినపడదు కదా సార్."

ఆయన నా వైపు చాలాసేపు చూశారు.

26వ రోజు

పడమటి వరస చివర ఇద్దరు పోయారు. బండ జారి మీద పడి ఈరన్న, ఏడాదిగా మంచంలో ఉన్న బడేసాబు తాత. మూడోనాడు పెద్దవాళ్ల ఎదురుగా కాయ పగలగొట్టి చీటీ చదివించడం మా ఊరి ఆచారం. రెండిళ్లకూ పోయాను. ఓదార్చడానికే పోయాను, కానీ నా మీద నాకే నమ్మకం లేదు.

బడేసాబు తాత కోడలు నాకు వరసకు వదిన. "ఒకసారి పట్టుకోనియ్యి వదినా, నేను చేసిన కాయేమో" అని చేతిలోకి తీసుకుని మెల్లగా తట్టాను. టుక్కు. పగలగొట్టారు. చీటీ మూరెడు పొడుగు, బీడీ కట్టంత లావుగా చుట్టి ఉంది. జబ్బు పేరు, అది ఏ నెలలో ఏం చేస్తుందో, ఏ మందు వాడాలో అంతా వరసగా ఉంది.

ఈరన్న కాయ కంగుమంది. అందులో చీటీ బొటనవేలంత. విశేషమేమీ లేదు అని ఒక ముక్క. అది విని అతని పెళ్లాం గోడకు తల కొట్టుకుంది. ఇంకో నలభై ఏళ్లు ఉండాల్సినోడప్పా అని ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే లోపల ఇంకొకటి కదులుతోంది. మంచి చీటీ పొట్టిది. చెడ్డ చీటీ పొడుగుది. పొడుగు చీటీ కాయ కడుపు నింపేస్తుంది. అందుకే టుక్కు.

కనిపెట్టానన్న సంతోషం ఇంటి గడప దాకా ఉంది. గడప దాటగానే 19వ రోజు మూడో ఇల్లు గుర్తొచ్చింది. టుక్కుమన్న కాయ, నవ్వుతూ మజ్జిగ ఇచ్చిన మనిషి, అడుగున నా సంతకం.

27వ రోజు

సార్‌ని ఆఫీసులో ఒంటరిగా పట్టుకున్నాను.

"సార్, కాయ శబ్దం..."

"ఆగు." సార్ చేయి అడ్డం పెట్టారు. "నువ్వు నన్నేమీ అడగలే. నేను నీకేమీ చెప్పలే. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే నాకూ తెలిసినట్టే. నా కింద పదకొండు వందల ఇండ్లు ఉండాయి."

ఆయన కిటికీలోంచి పంకాల వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నారు.

"నా నోరు ఆడుతున్నంతసేపు నా చెవి నా మాటే వింటాది. ముప్పై ఏండ్లుగా అదే విన్యా."

అప్పుడు అర్థమైంది. చెవిటి అవ్వలు, లాలిపాటలు, ఊరిబిండి కబుర్లు. అందరికీ తెలుసు, ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండడానికి ఇంత కష్టపడతారని నేనెన్నడూ అనుకోలేదు. వాళ్లను దొంగలనాలో మహానుభావులనాలో తేలలేదు.

"మొన్నటి మూడో ఇంటి సంగతి?" అని మాత్రం అడిగాను.

"ఆ రోజు నీకు అర్థం తెలుసా?"

"లేదు సార్. నిన్ననే..."

"సంతకం పెట్టిన రోజుదే లెక్క. కుర్చీ అదే అడుగుతాది. పో, ఇంకమీదట మాట్లాడు."

38వ రోజు

మాట్లాడడం నేర్చుకున్నాను. నాకు ఇంత కష్టమవుతుందని ఎవరనుకుంటారు. వాగడం వేరు, చెవి మూతపడేంతగా వాగడం వేరు. పంకాల గోల గురించి, కూరగాయల వరసలో తోపులాట గురించి, మా ఆయన గురక గురించి అరుస్తూ తడతాను. మా ఆయన గురక ఇప్పుడు నాలుగు వరసలకు తెలుసు.

తొమ్మిది అమ్మకాలు పూర్తి. సార్ పుస్తకంలో ఎర్రసిరాతో బాగు అని రాశారు. ఒక్కటే మిగిలింది.

41వ రోజు

పదో ఇల్లు మద్దిలేటన్నది. గాలిబావులు దులిపే మనిషి. పైనుంచి ఊళ్లోకి గాలి దిగే నిలువు సొరంగాలు పద్నాలుగు ఉన్నాయి, వాటి గోడలకు పట్టిన దుమ్ము ఆయనే గీకి దులుపుతాడు. యాభై రెండేళ్లు, మెతక మనిషి, మాట కూడా తడుముకుంటూ నెమ్మదిగా. బీమా ఇన్నాళ్లూ తీసుకోలేదు. కూతురు నిండు కడుపుతో ఉంది కాబట్టి ఇప్పుడు తీసుకుందామనుకున్నాడట. రేపు తనకేమన్నా అయితే కాన్పు ఖర్చులు, భార్య సుంకమ్మక్క బతుకు ఎవరు చూస్తారని ఆయన బెంగ.

"కూచో దస్తగిరీ. ఏమి తాగుతావు?"

సార్ పీట మీద కూర్చుని అప్పుడే కూనిరాగం మొదలుపెట్టారు. నేను కాయ దించి, అతుకు చూసి, కబుర్లు ఎత్తుకున్నాను. ఒకటో దెబ్బ, ఖాసింవలి గురక. రెండో దెబ్బ, మొన్నటి వంకాయల ధర. అంతలో మద్దిలేటన్నకు దగ్గు వచ్చింది. ఒకటి కాదు, రెండు కాదు, మనిషి వంగిపోయేంత దగ్గు. ఎదుటి మనిషి అలా దగ్గుతుంటే ఎవరు మాట్లాడతారు? నా నోరు దానంతట అదే ఆగింది. దగ్గు ఆగింది. ఆ నిశ్శబ్దంలో మూడో దెబ్బ నా కణుపు నుంచి జారిపోయింది.

టుక్కు.

సార్ కళ్లు మూసుకుని రాగం తీస్తున్నారు. ఆయన వినలేదు. మద్దిలేటన్న మూతి తుడుచుకుని "ఈ దుమ్ము నా ప్రాణం తీస్తాది" అని నవ్వాడు. నేను విన్నాను.

అదృష్టమో దురదృష్టమో, ఫారం మీద సుంకమ్మక్క వేలిముద్ర కావాలి. ఆమె చెల్లెలి ఇంటికి పోయిందట. మూడు రోజుల్లో వస్తుంది. ఆమె వచ్చిన రోజే కాయ ఇంకోసారి తట్టి ముగిస్తానని చెప్పి బయటపడ్డాను.

42వ రోజు

పొద్దున్నుంచి ఏ పనీ సాగలేదు. పప్పు మాడ్చాను. ఖాసింవలి మాడిన పప్పు కలుపుకుంటూ నా మొహం చూశాడు.

"ఎవురింటికి పోయినావో అడగను. ఏమైందో చెప్పొద్దు. ఏం చేయాలో మాత్రం అడుగు."

"సంతకం పెడితే?"

"కుర్చీ పట్టేస్తాది. పాలసీ పోతాది."

"పెట్టకుండా ఫారం వెనక్కి ఇస్తే?"

"వెనక్కిచ్చిన ఫారం అంటే ఏమో ఊరంతా ఎరుగుదురు. నోటితో చెప్పకుండా చెప్పినట్టే. ఆ మనిషికి తెలిసిపోతాది, ఇంక ఏ కంపెనీ ఇవ్వదు."

"వేరే ఏజెంటు చేతికి ఇస్తే?"

"అదీ వెనక్కిచ్చినట్టే కదే."

ఎటు తిరిగినా గోడే. ఆ మనిషికి ఈ పాలసీ వస్తే పట్నం ఆసుపత్రి తలుపు తెరుచుకుంటుంది, ఆ దగ్గు సంగతి ఇప్పుడే తేలుతుంది. రాకపోతే గాలిబావిలోనే కుప్పకూలుతాడు. నేను ఊపిరి బిగబట్టి వినడం నేర్చుకున్నందుకు ఆయన ప్రాణం పోవాలా? నా చెవి కోసి పారేయాలనిపించింది. ఏడ్చాను. ఖాసింవలి పప్పు పళ్లెం పక్కన పెట్టి నా వీపు నిమిరాడు.

43వ రోజు

కంపెనీ నియమాల పుస్తకం మూడు వందల పేజీలు. ఎవరూ వెనక పేజీలు చదవరు. నేను అట్ట మీద ధర కూడా చదివే మనిషిని. మొదటి పేజీ నుంచి మళ్లీ ఎత్తుకున్నాను, మధ్యాహ్నానికి రెండు వందల ఎనభై ఏడో పేజీలో దొరికింది.

తనిఖీలో ఏజెంటు చేతిలో కాయ పగిలితే అది కొనేవాళ్ల తప్పు కాదు. చీటీని ఎవరూ చదవకముందే సాక్షి ఎదుట కాల్చాలి. ఆ మనిషికి పాలసీ అదే రోజు నుంచి, ఏ ప్రశ్నా లేకుండా, ఏ కుర్చీ లేకుండా చెల్లుతుంది. కంపెనీ కొత్త కాయ చేయించి ఇస్తుంది. పగలగొట్టిన ఏజెంటుకు లైసెన్సు ఈ జన్మకు లేదు.

నాలుగుసార్లు చదివాను. లైసెన్సు పోగొట్టుకోవడానికి ఎవరూ కావాలని పగలగొట్టరని ఆ నియమం రాసినవాళ్ల ధీమా.

నాకు ఈ ఉద్యోగం బాగా నచ్చింది. ఇళ్లు తిరగడం, మనుషులు పీట వేసి కూచోబెట్టడం, సార్ ఎర్రసిరా. బట్టీ లేదు, ఇంకో పని లేదు. అదంతా పక్కన పెట్టి చూసినా ఇంకో సంగతి నన్ను పీకుతోంది. ఆ చీటీలో ఏముందో. దగ్గుదేనా, గుండెదా, ఇంకేదన్నానా? నేను అనుకున్నది నిజమేనా, లేక ఆ కాయ ఊరికే అలా పలికిందా? కాలిస్తే ఇక ఎప్పటికీ తెలియదు. సిగ్గు లేకుండా రాస్తున్నాను, లైసెన్సు కంటే అదే ఎక్కువ బాధ.

44వ రోజు

సుంకమ్మక్క తలుపు దగ్గరే ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. అక్క ఊబకాయం మనిషి, నవ్వితే ఇల్లంతా నవ్వుతుంది. సార్ పీట వేసుకున్నారు. రాగం మొదలైంది.

కాయ దించాను. చేతుల్లో చెమట నిజంగానే పట్టింది. మాట్లాడాలి కాబట్టి మాట్లాడాను. "అక్కా, కూతురికి ఎన్నో నెల? బిడ్డకు పేరు అనుకున్నారా?" అంటూ వేళ్లు వదులు చేశాను. కాయ నాపరాయి నేల మీద పడి నాలుగు ముక్కలైంది. ఒక పెంకు నా పాదంలో గుచ్చుకుంది.

ముక్కల మధ్య చీటీ దొర్లింది. బీడీ కట్టంత లావుంది.

"ఎవురూ కదలొద్దండి," అన్నాను. పట్టకారుతో చీటీ పట్టుకుని కరెంటు పొయ్యి ఎర్రటి తీగ మీద పెట్టాను. కాగితం వెంటనే అంటుకోలేదు. వేడికి ముందు చుట్ట విచ్చుకుంది. అక్షరాలు నా వైపు తిరిగి ఒక్కొక్క వరసే బయటికి వస్తున్నాయి. బట్టీలో చేరిన రోజు నుంచి ఈ కాయల కడుపులో ఏం రాస్తారో చూడాలని తపించిన మనిషిని నేను. మెడ అటే లాగింది. బలవంతంగా గోడ వైపు తిరిగి, గోడ మీద మసి మచ్చలు లెక్కపెట్టాను. పదిహేడు. కాలిన వాసన వచ్చింది. తిరిగి చూస్తే బూడిద.

అప్పుడు సుంకమ్మక్క నా మీద విరుచుకుపడింది.

"చేతులా అవి, చేటలా? మా ఆయప్ప బతుకును నేల మీద కొడితివి కదే. ఇంటికి వచ్చిన పొద్దే సరిగా లేదు. నీ కాలు మళ్లా ఈ గడపలో పెట్టొద్దు."

ఒక్క మాట చెబితే ఆమె నా కాళ్లు పట్టుకునేది. ఆ ఒక్క మాటే చెప్పకూడదు. తల వంచుకుని పెంకులు ఏరాను. మద్దిలేటన్న మాత్రం "పోనీలే, రక్తం కారుతాంది, గుడ్డ కట్టుకో" అన్నాడు.

సార్ పాలసీ కాగితం అక్కడే రాసి ఇచ్చారు. సాక్షి గళ్లో ఆయన రాసింది చూశాను: చేయి జారింది. బయటికి వచ్చాక వీధి మలుపు దాకా ఆయన రాగం ఆపలేదు. మలుపులో ఆపి నా లైసెన్సు దరఖాస్తు అడిగి తీసుకుని నాలుగు మడతలు పెట్టారు.

"ఆ రూలు రాసినోడు తెలివిలేనోడా, మంచోడా అని ముప్పై ఏండ్లుగా ఆలోచిస్తాండా," అన్నారు. "నేను ఒక్క కాయ కూడా జారవిడవలేదమ్మా. చేతులు గట్టివి నావి." ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి. తుడుచుకోలేదు, దాచుకోలేదు.

103వ రోజు

శిక్షణ రోజుల లెక్క నాకెందుకు ఇంక, అయినా అలవాటుగా వేశాను.

పాలసీ చేతిలో ఉంది కదా అని సుంకమ్మక్క ఆ వారమే దగ్గు మందు కోసం మద్దిలేటన్నను పట్నం ఆసుపత్రికి తోలుకుపోయిందట. ఊపిరితిత్తిలో గోలీకాయంత గడ్డ. కోసి తీసేశారు. ఇంకో ఆరు నెలలు ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్లమని డాక్టరు అన్నాడట. మొత్తం బీమానే కట్టింది. కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఈ సంగతులన్నీ నాకు కూరగాయల వరసలో వేరేవాళ్లు చెప్పారు. సుంకమ్మక్క నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది.

మద్దిలేటన్న ఇంక గాలిబావిలోకి దిగకూడదు. ఆ పనికి మనిషి కావాలని కాగితం అంటించారు. పేరు ఇచ్చాను. పని నేర్పేది ఆయనే. ఈరోజు మొదటి రోజు. ఏడో బావిలో నేను నిచ్చెన మీద, ఆయన కింద దుప్పటి కప్పుకుని పీట మీద.

"ముక్కుకు గుడ్డ రెండు మడతలు కట్టు. నేను కట్టుకోలే, అందుకే ఇట్లయింది," అన్నాడు. దుప్పటి సరిచేసుకుని, "అందుకే అంటా గానీ, సుంకమ్మ ఒప్పుకోదు. కాయ పగిలినందుకే రోగం వచ్చిందంటాది. ముందర నాకేముండె, రవ్వంత దగ్గే కదా," అన్నాడు.

గీకుతున్న చేయి ఆగింది.

"నాకూ ఒక్కోసారి అట్లనే అనిపిస్తాది దస్తగిరీ. అది పగలకపోయింటే నాకీ కోతలు లేకుండె. నీ మీద కోపం లేదులే. చేయి ఎవురికైనా జారుతాది. దేవుని దయవల్ల ఆ బీమా ఉండె కాబట్టి బతికిపోతి."

నా నోట్లో ఎన్ని మాటలు ఉన్నాయో నాకే తెలుసు. కావాలనే వదిలానని ఒక్క మాట బయటపడితే చాలు, ఆ పాలసీ కాగితానికి ప్రశ్నలు పుడతాయి. గుడ్డ కట్టుకున్నది మంచిదైంది, నా మొహం ఆయనకు కనబడలేదు.

"అవునన్నా," అన్నాను. "గట్టిగా పట్టుకోవాల్సింది."

"ఊ. ఇప్పుడు నిచ్చెన గట్టిగా పట్టుకో. ఆ ఎడమ మూల వదిలేసినావు చూడు."

ఎడమ మూల దులిపాను.